తీసేసిన గుర్తు

చదవకుండా పెట్టిన గుర్తు, మాట ఇచ్చినట్టు అవుతుందా?

ఇరవై మూడు రోజులుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇది. గొడుగు ఊచలు వంచుతూ అడుగుతున్నాను, బల్ల మీద టీ చల్లారిపోతుంటే అడుగుతున్నాను. సమాధానం దొరకనందుకు విసుగు లేదు. ఎంత అడిగినా ప్రశ్న అరగనందుకే విసుగు.

నేను గొడుగులు బాగుచేస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే షాపు, అదే ఇనప బల్ల. మూడేళ్ళ కిందట మా కోడలు ఆ బల్ల మీద ఒక ఫోన్ నిలబెట్టి, "మీ పని మీరు చేసుకోండి మావయ్యా, నన్ను పట్టించుకోకండి" అంది. ఆ వీడియోలు చూసేవాళ్ళు మొదట వందల్లో ఉండేవారు, తర్వాత లక్షల్లోకి వెళ్ళారు. వాళ్ళకి నేను గొడుగు మావయ్యని. ఎలాంటి గొడుగు చేతికొచ్చినా "ఇది పోలేదు, అలిగింది" అనడం నాకు అలవాటు. ఆ మాట జనానికి పట్టింది. బస్సు దారిలో ఆగిపోయినా, పిల్లవాడు అన్నం ముందు మూతి ముడిచినా, పెళ్ళాం మాట్లాడకపోయినా అదే మాట వాడుకుంటున్నామని రాసేవారు.

అలా రాసినవాళ్ళందరికీ హార్టు పెట్టడం నా వంతు పని. పొద్దున్న షాపు తీయగానే కోడలు ఫోన్ చేతికిచ్చేది.

"హార్టులు పెట్టండి మావయ్యా. నూట నలభై ఉన్నాయి."

"ఇన్ని గుండెలు నా దగ్గరెక్కడివమ్మా? ఉన్నదే ఒకటి, దానికీ డాక్టరు మాత్రలు రాశాడు."

"మీది ఎవరడిగారు? ఆ బొమ్మ మీద నొక్కండి చాలు. చదువుతూ కూర్చోకండి, ఇక్కడే మధ్యాహ్నమైపోతుంది."

చదవడం మానేశాను. విత్తనాలు చల్లినట్టు వేలు కదిలించేవాణ్ణి.

ఎనిమిది నెలల కిందట అలా హార్టు పడిన కామెంట్లలో ఒకటి ఇది: "మావయ్యగారూ, నేను పాత గొడుగు గుడ్డతో సంచులు కుడతాను. మీ మాటని వాటి మీద దారంతో కుట్టుకోవచ్చా? మీరు సరేనంటేనే." కింద నా ఎర్ర గుర్తు. సరేనన్నానని ఆమె అనుకుంది. ఇంకేమనుకుంటుంది?

పోయిన నెల మా కోడలు చేతిపనుల సంతలో ఆ సంచులు చూసి వచ్చింది. "మన మాట పెట్టుకుని ఎవరో అమ్ముకుంటున్నారు మావయ్యా. మనల్ని అడిగిన పాపాన పోలేదు" అంది. ఆ రోజు నాకు నడుం నొప్పి, ఎండ, ఎంత సాగదీసినా తెరుచుకోని ఒక గొడుగు. ఎదురుగా ఫోన్ నడుస్తోంది. "నా మాటని నన్నడక్కుండా అమ్ముకోవడం దొంగతనం" అన్నాను. కోడలు ఆ ముక్కని కత్తిరించి విడిగా పెట్టింది. నేను బాగుచేసిన ఏ గొడుగునీ అంతమంది చూడలేదు.

మర్నాడు ఆ సంచులు కుట్టే ఆవిడ తన కామెంటునీ, దాని కింద నా హార్టునీ ఫొటో తీసి పెట్టింది. "అడిగాను, వారు సరేనన్నారు" అని మాత్రం రాసింది. ఒక్క దురుసు మాట లేదు.

ఆ ఫొటో చూసినప్పుడు షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను. పాత వీడియో తెరిచాను. వందల కామెంట్లు దాటుకుంటూ కిందికి వెళ్ళి ఆమె ప్రశ్న పట్టుకున్నాను. హార్టు ఉంది. దాని మీద మళ్ళీ నొక్కాను. పోయింది. చప్పుడు కూడా కాలేదు.

తర్వాత నిజం తేల్చడానికి వెళ్ళినవాళ్ళందరికీ అక్కడ ప్రశ్న కనిపించింది, హార్టు కనిపించలేదు. ఫొటో దిద్దిందన్నారు. నేనన్నది దొంగ అని, వాళ్ళు మోసగత్తె అని కూడా కలిపారు. ఎవరో ఆమె ఇంటి తలుపు ఫొటో పెట్టారు. సంతలో సంచులు అమ్ముకోవడానికి ఆమెకిచ్చిన బల్లని కమిటీ వెనక్కి తీసుకుంది. నేను నోరు మెదపలేదు. నా వేలు చేసిన పని మా కోడలికి కూడా తెలియదు.

ఇరవై ఏళ్ళుగా ఖాళీ దొరికితే తత్వశాస్త్రం చదువుతున్నాను. తెలియక చేసిన పనికి బాధ్యత ఎంత, ఉద్దేశం లేని సమ్మతి సమ్మతేనా అని అంచుల్లో పెన్సిలుతో గీతలు గీసుకున్న మనిషిని. ఈ మూడు వారాల్లో ఆ చదువంతా నాకు ఒక్కందుకే అక్కరకొచ్చింది. తప్పించుకోవడానికి ఎన్ని సందులున్నాయో వెతుక్కోవడానికి.

ఈ మధ్యాహ్నం ఆమె షాపుకి వచ్చింది.

నలభై దాటిన మనిషి. వేళ్ళ కొసలు సూది పోట్లతో గరుకుదేరి ఉన్నాయి. భుజానికి నల్లటి గొడుగు గుడ్డ సంచి. గుమ్మంలోనే నిలబడింది.

"కెమెరా నడుస్తోందా?"

"లేదమ్మా. కూర్చో."

"ఆ ఫోను కాస్త బోర్లా పెడతారా?"

పెట్టాను. అప్పుడు కూర్చుంది.

"గొడవకి రాలేదండీ. గొడవపడే ఓపిక ఎప్పుడో అయిపోయింది."

కామెంటులో నన్ను మావయ్యగారూ అని పిలిచిన మనిషి, ఎదురుగా కూర్చుని ఉత్త 'అండీ' దగ్గర ఆగిపోయింది. ఆమె సంచి వైపు చూశాను. దాని మీద దారం లేదు. అక్షరాలున్నచోట వరసగా సూది కన్నాలున్నాయి. వెలుతురు పడితే ఆ కన్నాల్లోనే నా మాట చదవొచ్చు.

"అన్నిటి మీదా విప్పేశానండీ" అంది, నా చూపు గమనించి. "అరవై సంచులు. దారం వచ్చేసింది. ఈ గుడ్డకి కన్నాలే పూడవు."

బల్ల చివర, పొద్దున్న మా కోడలు తెప్పించిన నమూనా సంచి ఉంది. నా మాట అచ్చేసి మేమే స్వయంగా అమ్మబోయే సంచి. దాచాలని తోచేలోపు ఆమె దాన్ని తీసి, అంచు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ప్రింటు వేయించారా? రెండు ఉతుకులకి పోతుందండీ ఇది. లోపల అస్తరు వెయ్యమనండి." ఎత్తిపొడుపు లేదు. పనితెలిసిన మనిషి నోట్లోంచి పని మాట వచ్చింది, అంతే. సంచిని మడత పెట్టి ఎక్కడిదక్కడే ఉంచింది.

తర్వాత వచ్చిన పని చెప్పింది. వచ్చే ఆరు నెలలకి సంత బల్లల జాబితా ఈ సాయంత్రం ఐదింటికి ఖాయం చేస్తారు. నా దగ్గర్నుంచి కాగితం తెస్తే ఆమె పేరు చేరుస్తామన్నారు.

"మీరు ఒప్పుకున్నారని రాయక్కర్లేదు. నేను ఫొటో దిద్దలేదని ఒక్క ముక్క రాస్తే చాలు. ఫొటోలు దిద్దడం వస్తే ఈ సూదితో కళ్ళు పోగొట్టుకుంటానా చెప్పండి?"

"నేను వీడియోలోనే చెబుతానమ్మా, అందరికీ తెలిసేలా..."

"వద్దు!" కుర్చీలోంచి సగం లేచింది. "మీకు దండం పెడతాను, వీడియో వద్దు. తిట్టినా నన్నే చూస్తారు, పొగిడినా నన్నే చూస్తారు. మొన్నటి నుంచే మా వీధిలో జనం తగ్గారు. మా అత్తగారు ఇప్పుడిప్పుడే కిటికీ తీస్తున్నారు."

లోపలి గదిలో వీడియో ఎడిట్ చేస్తున్న మా కోడలు మాటలు విని బయటికి వచ్చింది.

"అక్కా, మీరు చాలా పడ్డారు, తెలుసు. కానీ నేను స్వయంగా వెళ్ళి చూశాను. అక్కడ హార్టు లేదు. లేనిదాన్ని ఉందని మావయ్య ఎలా రాసిస్తారు?"

"ఉందమ్మా. ఆ రోజు ఉంది. మా అమ్మాయిని కేకేసి మరీ చూపించాను. ఇద్దరం ఎగిరి గంతేశాం." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు మా అమ్మాయే అడుగుతోంది, నిజంగా చూశామా అమ్మా అని. నాకూ తెలియట్లేదు. చూశానో, చూడాలనుకుని చూసినట్టు అనుకున్నానో."

నా వైపు తిరిగింది. ఆ చూపులో నింద లేదు. దారి తప్పినవాళ్ళు దారి అడిగే చూపు అది.

"మీకేమైనా గుర్తుందాండీ?"

"చూస్తానమ్మా" అన్నాను.

"సరేనండీ" అంది. లేచి వెళ్ళిపోయింది.

ఇరవై మూడు రోజుల నా ప్రశ్న అక్కడితో కూలిపోయింది. అది ప్రశ్న కాదు, నేను అడ్డం పెట్టుకున్న తెర. పెట్టిన గుర్తు మాట ఇచ్చినట్టా కాదా అని జీవితాంతం తర్కించవచ్చు. తీసిన గుర్తు సంగతి అలా కాదు. పెట్టినప్పుడు చదవలేదు. తీసేటప్పుడు ప్రతి అక్షరమూ చదివాను. ఆమె పేరు పోయిందనుకుంటూ వచ్చాను. పోయింది పేరే కాదు, తన కళ్ళ మీద తనకున్న నమ్మకం కూడా.

"ఏంటి మావయ్యా, అలా ఉండిపోయారు?"

"హార్టు తీసింది నేనే."

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎప్పుడు?"

"ఆవిడ ఫొటో పెట్టిన రోజు."

"నాకొక్క మాట చెప్పలేదే! మీ తరఫున ఎంతమందితో కొట్లాడాను? ఆవిడది ఫేకని నా చేత్తో రాశాను మావయ్యా, నా చేత్తో! ఇప్పుడావిణ్ణి అక్కా అని కూడా పిలిచాను."

"తప్పు నాదమ్మా."

"తప్పు మీదని ఇక్కడంటే సరిపోతుందా?" కళ్ళు తుడుచుకుంది. వెంటనే పనిలో పడింది. తన స్వభావం అంతే. "సరే. పొరపాటు జరిగింది అని రాయండి. ఎవరు, ఎలా అన్నది వద్దు."

"అప్పుడు పొరపాటు ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కానిది మళ్ళీ ఆవిడ నెత్తినే పడుతుంది."

"ఉన్నదున్నట్టు రాస్తే ఆ కాగితం సాయంత్రానికల్లా అన్ని ఫోన్లలోనూ ఉంటుంది. ఆవిడకి చేసిందే మీకూ చేస్తారు. నాకూ చేస్తారు. మూడేళ్ళు మిమ్మల్ని పట్టుకుని కట్టుకొచ్చానిదంతా. గంటలో పోతుంది."

"తెలుసు."

"తెలిసే రాస్తానంటారా?"

"తెలిసే."

కోపం తగ్గలేదు. కానీ లోపలికి వెళ్ళి, ఒక తెల్ల కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నా పేరు లేకుండా రాయండి."

"నీ పేరెందుకు వస్తుంది? నొక్కింది నా వేలు."

ఐదు వాక్యాలు రాశాను. ఆమె అడిగింది. నేను గుర్తు పెట్టాను. తర్వాత ఆమెను దొంగ అన్నాను. ఆమె రుజువు చూపిన రోజు నా చేతులతో ఆ గుర్తు తీసేశాను. ఆమె ఫొటో నిజమైనది. సంతకం పెట్టి, నాలుగున్నరకి షాపు షట్టరు దించి బయల్దేరాను.

సంత హాలు వెనక కమిటీ ఆఫీసు. రెండు ఇనప బీరువాలు, కిర్రుమనే ఫ్యాను, బల్ల నిండా బల్లల నంబర్లు రాసిన అట్టముక్కలు. కార్యదర్శి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"గొడుగు మావయ్యగారా! మా ఇంట్లో చెబితే నమ్మరు. ఒక ఫొటో దిగుదామండీ?"

"ముందు ఇది చదవండి."

నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి మరోసారి చదివాడు. ఫొటో ఊసు మళ్ళీ ఎత్తలేదు.

"ఇది ఫైల్లో పెడితే కమిటీలో పదకొండుమంది చదువుతారండీ" అన్నాడు గొంతు తగ్గించి. "పదకొండుమందికీ ఫోన్లున్నాయి. మీరు పెద్దవారు, ఈ అల్లరంతా ఎందుకు? మీరు నోటిమాటగా చెప్పారనుకుందాం. ఆవిడ బల్ల సంగతి నేను సర్దేస్తాను." కాగితాన్ని నా వైపు జరిపాడు.

అతను చెడ్డవాడు కాదు. ఇంత వినయంగా తెరిచిన తలుపు నాకు ఈ మధ్య ఎవరూ చూపించలేదు. బల్ల దొరుకుతుంది, నా పేరు మిగులుతుంది. తను చూసింది నిజమో కాదో, గుర్తు తీసిన వేలు ఎవరిదో మాత్రం ఆమెకు ఎప్పటికీ తెలియదు.

కాగితాన్ని మళ్ళీ అతని వైపు జరిపాను.

"ముద్ర వెయ్యండి. నకలు ఒకటి ఆవిడకి పంపండి."

అతను నిట్టూర్చి, ముద్ర తీసి నొక్కాడు. మసకగా పడింది.

"కనబడట్లేదు. మళ్ళీ వెయ్యండి" అన్నాను. వేశాడు.