గింజలు తిన్న పిల్ల

2023 ఫిబ్రవరి తొమ్మిది. ఆ రోజు మంగ చిమ్మిలి తింది. అంతకు ముందురోజే ముమ్మిడివరం దగ్గర ఊళ్ళో కూతురు భవాని పెద్దమనిషైంది. మేనత్తలు మూల కూర్చోబెట్టి, ఫోన్లో చూపించారు. పిల్ల కన్నతల్లి చేతి చిమ్మిలి తినాలి. తల్లేమో గల్ఫ్‌లో, అజ్మాన్‌లో, తను పనిచేసే వాసంతిగారి వంటింట్లో. ఉండబట్టక మంగ నువ్వులూ బెల్లమూ మిక్సీలో తిప్పి ఉండ చేసింది. చేశాక, పెట్టడానికి ఎదురుగా పిల్ల లేదు. సింకు దగ్గర నిలబడి తనే తినేసింది.

డబ్బాలో నువ్వులు తగ్గాయని వాసంతి చూసింది. ఆ వారం సరుకుల్లో ఇంకో పొట్లం వచ్చింది. అడగకుండా వచ్చిన ఆ పొట్లాన్ని మంగ మరిచిపోలేదు.

వేసవికి వీసా గడువు అయిపోతుంది. ఊళ్ళో ఉన్న భర్త త్రిమూర్తులు ఇంకో రెండేళ్ళు ఉండమంటున్నాడు. తిండి వాళ్ళదే, గది వాళ్ళదే, నీకేం తక్కువంటాడు. గదంటే వంటింటి పక్క సామాన్ల గది. దానికి తలుపుంది గానీ రాత్రిళ్ళు వేసుకోకూడదు. వాసంతి కూతురు లాస్య లేచి ఏడిస్తే వినపడాలని, ఇంటాయన రత్నాకర్ మొదటిరోజే చెప్పాడు. అప్పుడు లాస్య పసిది. ఇప్పుడు మూడో తరగతి, పడుకుంటే తెల్లారేదాకా లేవదు. తలుపు మాత్రం ఇంకా తెరిచే ఉంటోంది. ఆ తెరిచిన తలుపు వైపు వీపు పెట్టి, దుప్పటి ముసుగులో మంగ ఫోన్ చూసుకుంటుంది. ఫోన్లో పిల్ల మొహం ఒక్కటే పడుతుంది. ఎంత పొడుగైందో తెలీదు. జడ పట్టుకుంటే పిడికిలి నిండుతుందో లేదో తెలీదు. ఒకసారి గుమ్మం పక్కన నిలబడి చూపించవే అంటే, భవాని సిగ్గుపడి, పో అమ్మా అని ఫోన్ పెట్టేసింది.

మార్చిలో లాస్యకి బడిలో ఒక పని ఇచ్చారు. గ్రీకుల పాత కథ ఏదైనా తీసుకుని, అందులోని ఆడమనిషే చెబుతున్నట్టు చెప్పాలి. సాయంత్రం బల్ల దగ్గర వాసంతి కూతురికి కథ చెబుతుంటే, మంగ పక్కన కూర్చుని దానిమ్మకాయ ఒలుస్తోంది. పూలు కోసుకుంటున్న పిల్లని పాతాళపు రాజు ఎత్తుకుపోయాడట. తల్లి ఏడుస్తూ తిరిగితే పంటలన్నీ మాడిపోయాయట. చివరికి పిల్లని పంపేస్తానని ఒప్పుకున్నాడట. కానీ అక్కడ ఆ పిల్ల నాలుగు దానిమ్మ గింజలు తినేసింది. తిన్నది గనక ఏడాదిలో కొన్నాళ్ళు అక్కడికి తిరిగి పోవాల్సిందే.

మంగ చేతులు ఆగిపోయాయి. ఏడ్చిన ఆ తల్లి తనే అనుకుంటూ వింది అప్పటిదాకా. గింజల దగ్గరికొచ్చేసరికి అది తప్పనిపించింది. ఎత్తుకొచ్చింది భవానిని కాదు కదా. కిందికి వచ్చింది తను. ఇక్కడ తింటున్నది తను.

"ఉంటావా, పోతావా అని ఆ పిల్లని ఎవరూ అడగలేదా అమ్మగారూ?"

వాసంతి కథ ఆపింది. "అడగలే మంగా. అమ్మ ఒకటన్నది, రాజు ఒకటన్నడు, దేవుళ్ళు పంచిపెట్టిన్రు."

"అయితే ఎందుకు తిన్నది మంగాంటీ?" అంది లాస్య.

"ఆకలేసుంటుందమ్మా" అంది మంగ. అని, మిగతా కాయ ఒలవడం మొదలెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రత్నాకర్, వీసా రెన్యూవల్ కాగితాలు చేయించడానికి రేపే టైపింగ్ సెంటర్‌కి పోతున్నానని, ఖలాస్, ఇంకో రెండేళ్ళు చింత లేదని చెప్పాడు. మంగ పప్పు గిన్నె బల్ల మీద పెట్టింది. ఈసారి తనకి వద్దనీ, ఇంటికి పోతాననీ అంది.

రత్నాకర్ కోప్పడలేదు. నొచ్చుకున్నాడు. అదే ఎక్కువ కష్టం.

"ఇంట్ల మనిషి లెక్క చూసుకున్నం. మేం తిన్నదే తిన్నవు గద మంగా. ఇప్పుడు నడుమల ఇడిసిపెట్టి పోతనంటవా?"

మంగ చెంగుతో చేతులు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ ఈ మాటకే తల దించుకుంది. త్రిమూర్తులు అన్నా, ఈయన అన్నా.

"తిన్నానండి. ఆకలేసింది, తిన్నాను. కానీ వండింది కూడా నేనేనండి."

వాసంతి లేచి లోపలికెళ్ళింది. బీరువా తెరిచిన చప్పుడైంది. ఇన్నేళ్ళూ అందులో దాచి ఉంచిన మంగ పాస్‌పోర్టుని తనే తెచ్చి, దానిమ్మ గింజల గిన్నె పక్కన పెట్టింది. మొగుడి వైపు చూడకుండానే, "టికెట్ నేను చూస్త" అంది.

గిన్నెలు కడగడం అయ్యాక మంగ లాస్య గదిలోకి తొంగిచూసింది. పిల్ల ఒళ్ళెరక్కుండా నిద్రపోతోంది. జారిన దుప్పటి భుజం దాకా కప్పి, తన గదిలోకి వచ్చింది. ఆ తలుపు వేసి చాలా ఏళ్ళైంది, కీచుమంటుందేమోనని భయపడింది. రెండు చేతులా పట్టుకుని, మెల్లిగా మూసుకుంది.