పైమూత: లేదు

జామాయిలు కర్రల నిచ్చెన ఎక్కుతూ అస్నకెచ్ ప్రతి మెట్టునూ ముందు కాలితో నొక్కి చూసుకుంది. రోజూ ఎక్కే నిచ్చెనే. అయినా రాత్రి వానకి ఏ ముడి నానిందో, ఏ కర్ర పగిలిందో ఎవరికి తెలుసు. వ్యవసాయ కార్యాలయం మేడ మీద, సిమెంటు దిమ్మె నెత్తిన, ఆమె కనిపెట్టుకుని ఉండే యాంటెన్నా ఉంది. దాని మీద నీలం ప్లాస్టిక్ బేసిన్ బోర్లించి తాడుతో కట్టి ఉంది. చలికి పగిలిన వేళ్ళతో తాడు సడలిందేమోనని లాగి చూసింది. ఎలక కొరికిందేమోనని వైరంతా తడిమింది. కొరకలేదు. అయినా రేపు కొరకొచ్చు.

కిందనుంచి వాచ్‌మన్ వుబే కేకేశాడు. "బిడ్డ లేచిందా అక్కా? పాలు పట్టావా?"

"నవ్వకు. ఉన్న రెండు పళ్ళూ ఊడతాయి."

"ఆ టోపీ సరే, స్వెటర్ ఎప్పుడు అల్లుతున్నావు?"

ఆమె గుడ్డతో బేసిన్ మీది పిట్టరెట్ట తుడిచింది.

ఆ యాంటెన్నా ఉపగ్రహాల సంకేతాలు పట్టి, ఈ మెన్జ్ కొండ వెంట్రుకవాసి కదిలినా అడిస్ అబాబాకి చేరవేస్తుంది. అక్కడినుంచి కెన్యాకీ, ఉగాండాకీ, ఇంకా ఎక్కడెక్కడికో. ఇన్ని దేశాల స్టేషన్లూ ఒకే పొత్తులో ఉన్నాయి కాబట్టి వాటి వివరాలన్నీ ఒకే నమూనాలో ఉండాలట. ఇదివరకు నెలకోసారి ఆమె తనకు తోచినట్టు రాసి పంపేది. బాగానే ఉంది, వడగళ్ళు పడ్డాయి, భయమేసింది అని. నిరుటినుంచి అలా కుదరడం లేదు. యాంటెన్నా రకం, ఎత్తు, పైమూత, అంతే. గడిలో పట్టే మాటే రాయాలి. భయానికి గడి లేదు.

కిందికి దిగేసరికి ఫోను మోగుతోంది. అడిస్ అబాబా ఆఫీసులో వివరాలు సరిచూసే ఎర్మియాస్.

"అక్కా, వానలు మొదలైనప్పటినుంచి మీ కొండ ఒక్కటే గోరుమందం లేచింది. పక్క కొండలేవీ లేవలేదు. ఏం చేశావు?"

ఉద్యోగం పోతే ఆఫీసు వెనక గదీ పోతుంది. ఈ వయసులో ఏ వాకిట్లో నిలబడాలి?

"బేసిన్ పెట్టాను నాయనా."

"ఏ బేసిన్?"

"బట్టలుతికేది. కడిగే పెట్టానులే."

అవతల ఎవరో నవ్వారు.

"సరే నాయనా, రాసెయ్ మరి. పైమూత, నీలం బేసిన్ అని."

"ఆ గడిలో వాళ్ళిచ్చిన పేర్లే పడతాయక్కా. బేసిన్ అంటే వెనక్కి కొడుతుంది. సాయంత్రంలోగా వివరాలు కుదరకపోతే మీ స్టేషన్‌ని పొత్తులోంచి తీసేస్తారు. తర్వాత నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. సంకేతాలకి అది అడ్డం పడబట్టే కొండ లేచినట్టు లెక్క వస్తోంది, వెంటనే తీసెయ్. మొదట్నుంచీ లేదనే రాస్తాను."

"మరి కొండ లేచిందన్నావుగా?"

"లేచిందనుకుంటారు. కొండలు లేస్తుంటాయి."

"వడగళ్ళు పడితే?"

"అది వడగళ్ళకి పగిలేది కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

మళ్ళీ ఎక్కి, ముడి విప్పి, బేసిన్ తీసింది. యాంటెన్నా తెల్లగా, పుట్టగొడుగులా బయటపడింది. ఆ తెలుపు చూడలేక తల తిప్పుకుంది. మునుపు కూతురు ములు బడికి బయలుదేరినప్పుడూ ఇలాగే అన్నారు. ఏం కాదు, చిన్న మబ్బే, వెళ్ళనీ అన్నాడు మొగుడు. నెత్తిన గుడ్డైనా లేకుండా వెళ్ళిన ములు వడగళ్ళలో తడిసి వచ్చింది. దగ్గు పట్టుకుంది. మళ్ళీ బడికి పోలేదు. ఎక్కడికీ పోలేదు.

మధ్యాహ్నం ఇంజెరా అట్టు సగం తిని పక్కన పెట్టింది. తూర్పున మబ్బు నల్లబడింది. తలుపు దగ్గర కూర్చుని ఆకాశాన్నే చూస్తోంది. ఒళ్ళో బేసిన్ ఉంది.

"మళ్ళీ ఎక్కావంటే ఆ అడిస్ కుర్రాడికి చెప్పేస్తా," అన్నాడు వుబే.

"చెప్పుకో."

మొదటి వడగళ్ళు రేకుల మీద రాళ్ళు విసిరినట్టు పడ్డాయి. వుబే తన గదిలోకి పరుగెత్తి తలుపు వేసుకున్నాడు.

వాన వెలిశాక బయటికొచ్చాడు. అస్నకెచ్ నిచ్చెన మొదట్లో పక్కకి ఒత్తిగిలి ఉంది. పైమెట్టు ముడి నాని విడిపోయింది. ఆమె తెల్లని పైగుడ్డ మడతల్లో వడగళ్ళు ఇంకా కరగలేదు.

వుబే ఫోను చేసి, అక్క పోయిందని చెప్పాడు. ఎర్మియాస్ అడిగాడు.

"యాంటెన్నాకేం కాలేదుగా?"

"దానికేం. నెత్తిన టోపీ పెట్టుకుని కూర్చుంది."

ఆ సాయంత్రమే ఎర్మియాస్ వివరాలు పంపాడు. యాంటెన్నా రకం, ఎత్తు. పైమూత: లేదు. ఈసారి వెనక్కి రాలేదు. స్టేషన్ పొత్తులో నిలిచింది. మర్నాటి లెక్కల్లో మెన్జ్ కొండ మళ్ళీ గోరుమందం లేచింది. కొండలు లేస్తుంటాయి.

ఆ నిచ్చెన తర్వాత ఎవరూ కట్టలేదు, మేడ మీదికి ఎవరూ ఎక్కలేదు. ఆ ఏటి వానలన్నీ బోర్లించిన నీలం బేసిన్ మీదే పడ్డాయి. ఆమె వేసిన ముడి మాత్రం సడలలేదు.