షాయిస్తా మరిచిపోయినవి

షాయిస్తా తలకి దెబ్బ తగిలింది, ఏలూరు తివాచీ షెడ్డులో రెండో మగ్గం మీద పువ్వు పాడైంది. బాత్రూంలో జారిపడ్డానని అందరికీ చెప్పింది. మళ్ళీ పనిలోకి వచ్చింది గానీ, ట్యూబ్‌లైటు వేస్తే కళ్ళు మూసుకునేది. ఊలు ఉండ చేత్తో పట్టుకుని, దీన్నేమంటారని అడిగేది.

ఆ మగ్గానికి బల్ల ఒకటే, మనుషులు ఇద్దరు. కుడివైపు మనిషి తన సగం ముడులు వేస్తూ రంగుల వరస పాడినట్టు చెబుతుంది, ఎడమవైపు మనిషి విని తన సగం వేస్తుంది. రెండు సగాలూ నడిమధ్య కలిస్తేనే పువ్వు. ఏళ్ళ తరబడి కుడివైపు షాయిస్తా, ఎడమవైపు సబీహా.

సబీహాకి ఆ కుడివైపు చోటు మీద కన్ను. షాయిస్తా వేళ్ళ మీద కన్ను. నిజం చెప్పాలంటే షాయిస్తా మొగుడు జావీద్ మీద కూడా. ఆ సంబంధం మొదట వచ్చింది సబీహాకే. చూడ్డానికొచ్చినవాళ్ళు పక్కింట్లో షాయిస్తాని చూసి అటు తిరిగారు.

ఇప్పుడు షాయిస్తా మరిచిపోయినవన్నీ సబీహాకి గుర్తుకు రావడం మొదలైంది. మొదట రంగుల వరస వచ్చింది.

"ఒకే బల్ల కదమ్మా, అంటుకుంటాయి," అన్నాడు షెడ్డు పెద్ద మౌలాలి, జలుబు గురించి చెప్పినట్టు. సబీహాని కుడివైపుకి, షాయిస్తాని ఎడమవైపుకి మార్చాడు.

షాయిస్తా తల్లి సకీనా రోజూ షెడ్డుకి వచ్చేది.

"సబీహా, మా పిల్ల బీరువా తాళాలు ఎక్కడ పెట్టిందమ్మా?"

"బియ్యం డబ్బాలో చూడండి పిన్నీ."

"మరి ఆధార్ కార్డు?"

"పరుపు కింద. నన్నడక్కుండా మీకు పూట గడవదాండీ?"

పైకి విసుగు, లోపల సంబరం. ఇంకా ఏమేం వస్తాయోనని షాయిస్తాకి దగ్గరగా జరిగేది. ఒకరోజు కొల్లేటి పడవ గుర్తుకొచ్చింది. కొంగలు, నీటి వాసన, కొత్త పెళ్ళికూతురి నెత్తిన జావీద్ పట్టిన గొడుగు. ఆ రోజు సబీహా అన్నం ముట్టలేదు. కడుపు నిండా ఆ గొడుగే.

అంతలో జావీద్ మేనత్త వచ్చింది. "వాడికి ఇల్లు చూసుకునే మనిషి కావాలమ్మా. షాయిస్తా ఓ మూలన పడుంటుంది, నీకేం అడ్డం?"

"శుక్రవారం చెబుతానండీ," అంది సబీహా. చెప్పడానికేముంది, ఊఁ అనడమే. మనసులో చీర కూడా ఎంచేసుకుంది.

గురువారం మౌలాలి మాటవరసకి అడిగాడు. "ఆ దెబ్బ నొప్పి తగ్గిందా, అమ్మాయ్?"

"ఏ దెబ్బ, బాబాయ్?" అంది షాయిస్తా.

సబీహా చేతిలో ముడి ఆగిపోయింది. పచ్చరంగు గోడ. జుట్టు పట్టుకున్న చెయ్యి. గోడ, మళ్ళీ గోడ. "పాలవాడితో ఏంటా నవ్వులు?" జావీద్ గొంతు. దాని వెనకాల అంతకుముందువి ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి: తలుపు చెక్క, మంచం కోడు, మెడకి బిగిసిన చున్నీ. పడవ కూడా మళ్ళీ వచ్చింది, ఈసారి మాటతో సహా: "ఆ పడవవాడు నీ మొహమే చూస్తున్నాడు." గొడుగు ఎండకి కాదు.

సబీహాకి ముందు వచ్చింది జాలి కాదు, ఒళ్ళుమంట. ఇన్నేళ్ళూ దాన్ని చూసి ఏడ్చింది ఇందుకా!

మర్నాడు సకీనా కూతుర్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే సబీహా కూడా ఆటో ఎక్కింది.

"జారిపడిందండీ, అప్పట్నుంచీ నీరసం. టానిక్కేదన్నా రాయండి," అంది సకీనా.

"జారిపడలేదండీ," అంది సబీహా. "మొగుడు తల గోడకేసి కొట్టాడు. ఇదివరకూ కొట్టాడు."

"మీరు చూశారా?" అంది డాక్టరమ్మ.

"నాకు గుర్తుందండీ."

డాక్టరమ్మ తలూపి రాసుకుంది. స్కాన్ తీయించి, మెదడు దెబ్బ మీద దెబ్బ తిందని చెప్పింది. నెమ్మదిగా కోలుకోవచ్చట, ఇంకో దెబ్బ మాత్రం తగలకూడదట.

తిరిగొస్తుంటే షాయిస్తా అడిగింది. "అదంతా నాకు జరిగిందేనా?"

"నీకే."

"అయితే ఆ ఇంటికెళ్ళను. ఆటో మా అమ్మావాళ్ళింటికి పోనివ్వమను."

సాయంత్రం మేనత్త జవాబు కోసం వచ్చింది.

"నాకొద్దండీ మీ సంబంధం," అంది సబీహా. "షాయిస్తా కేసు పెడితే సాక్ష్యం కూడా చెబుతాను."

"మొగుడూ పెళ్ళాల గొడవ నీకెందుకే? తాడేపల్లిగూడెం దాకా నీకు సంబంధం చెప్పేవాళ్ళుండరు చూస్కో!"

"చెప్పకపోతే మానెయ్యమనండి."

షాయిస్తా మళ్ళీ బల్ల మీద కూర్చుంటోంది. ముడులు వంకరే, అయినా ఆ వేళ్ళు కదిలితే సబీహాకి ఇప్పటికీ కుళ్ళే. షాయిస్తా కేసు పెట్టింది, పోలీసులు అడిగారు. కోర్టులో జావీద్ లాయరు తిప్పి తిప్పి అడిగాడు. మేనత్త సబీహా గుమ్మంలో కూర్చుని శాపనార్థాలు పెట్టింది. అడిగిన ప్రతిచోటా సబీహా ఒకటే చెప్పింది: "నాకు గుర్తుందండీ."