కుళాయి దారిలో రైలు

పెరట్లో కుళాయి నుంచి బట్టల తీగ దాకా ఒక కాలిదారి ఉంది. దానికి అడ్డంగా బొమ్మ రైలు పట్టాలున్నాయి. వాటికి కాలు తగిలి ఇల్లాలు బోర్లా పడింది. పిండిన బట్టలన్నీ మట్టిపాలు. లేచి మోచేయి దులుపుకుంటూ మొగుడి వైపు చూసింది.

"వీటిని మళ్లీ జాడించి ఆరేస్తాను. సాయంత్రం తీయడానికి వచ్చేసరికి నా దారికి అడ్డం ఉన్నాయో, మొత్తం పట్టాలు పీకి పాత ఇనుము వాడికిచ్చేస్తా!"

ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. నడిపినంత కాలం పరాయి బండే నడిపాడు. ఈ రైలొక్కటే సొంతం. వెంటనే వెళ్లి, తాపీమేస్త్రీ అయిన బామ్మర్దిని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"వంతెన కట్టేద్దాం బావా. రైలు పైనుంచి, అక్క కిందనుంచి."

"ఎంత ఎత్తు కడతావురా?"

"మరీ ఎత్తెందుకు? కాస్త వంగి పోతుందిలే."

"ఎవరు? మీ అక్కా? వంగడమా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, వంటింటి కిటికీ మూసే ఉందని చూసుకున్నారు.

సరే, దారి కిందనుంచి రైలును పంపుదామనుకున్నారు. లోతుగా తవ్వి, పట్టాలు దించి, పైన బండ పరిచారు. ఇంజను జర్రున దిగింది గానీ అవతలి ఎత్తు ఎక్కలేక చక్రాలు గిరగిరా తిప్పుతూ ఉండిపోయింది.

"ఊపు చాలలేదు," అన్నాడు డ్రైవరు. ఎంతైనా ఘాట్‌రోడ్డు ఎక్కించిన చెయ్యి. రిమోట్ పూర్తిగా నొక్కాడు. రైలు ఎత్తెక్కింది, పట్టాలు వదిలింది, ఎగిరి పుదీనా మడిలో పడింది.

"ప్రయాణికులు క్షేమమేనా బావా?"

"నోర్ముయ్యి! పొద్దు వాలుతోంది."

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "గొయ్యి సగం పూడుద్దాం. వాలు తగ్గుతుంది."

"రైలు నెత్తి బండకు కొట్టుకోదూ?"

"బండను పైకి లేపుదాం."

"అంటే మీ అక్క మెట్టెక్కాలి."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మట్టి పని ఎంతసేపు? గొయ్యి సగం పూడ్చి, పట్టాలు సర్ది, రైలును మళ్లీ ఎక్కించి, బండ లేపేశారు. కానీ ఆ ముక్క ఆవిడకు ఎవరు చెప్పాలి?

"నీ పెళ్లాం."

"నీ అక్క."

తేలకముందే ఆవిడ రానే వచ్చింది. దారి మధ్యలో లేచిన బండను చూసి నడుం మీద చెయ్యేసింది.

"ఏంటిది?"

"రైలు సగం దిగిందే," అన్నాడు డ్రైవరు. "మిగతా సగం..."

"నేనెక్కాలా?"

ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టి బండ మీద కాలు పెట్టింది. కంగారులో ఆయన వేలు రిమోట్ మీద పడింది. రైలు గడగడమంటూ బండ కిందకు దూరింది. ఆ అదురు అరికాళ్లలోంచి పైకి పాకింది.

"అమ్మో! గిలిగింతలు పెడుతోంది!"

పెట్టెలన్నీ అవతల తేలి, ఎత్తెక్కి, ఒక్కటీ పడకుండా మలుపు తిరిగాయి. ఆవిడ మాత్రం బండ దిగలేదు.

"ఏమండీ, ఇంకోసారి పోనివ్వండి. కూత వెయ్యదా ఇది?"

ఇంజనుకు కూత లేదు. ఆయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూసేలా కూత పెట్టాడు.