మగ్గంలో ఎవరికి చోటు

మురుగేష్ ఫ్లెక్సీ షాపుకు ఒక రాజ్యాంగం ఉంది: ఫ్లెక్సీ మీద ఎవరి మొహమూ తప్పిపోకూడదు. మేనమామ మొహం లేకపోతే మేనమామ అలుగుతాడు, ఆయన అలిగితే ఆయన వెనకున్న వీధి వీధంతా అలుగుతుంది. ఒకసారి నగరిలో చెవులు కుట్టే ఫంక్షన్‌కి ఇలాగే బంధువులందరినీ కూర్చి కూర్చి, చివరికి చెవులు కుట్టించుకునే పాపకే చోటు చాలక, ఆ పిల్లను వాళ్ల జేజమ్మ పైటకొంగు మీద అతికించాడు. ఎవరూ అలగలేదు. పాప ఏడ్చింది గానీ, చెవులు నొప్పి పుట్టి ఏడుస్తోందని అందరూ సరిపెట్టుకున్నారు.

ఆ రాజ్యాంగాన్ని అతను ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి కూడా మోసుకొస్తాడని భవిత కలలో కూడా అనుకోలేదు.

భవిత నేతవాళ్ల ఇంటి పిల్ల. నగరి నేత సంఘం గదిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. అక్కడున్న కంప్యూటర్లు ఎవరో వదిలించుకున్న ముసలివి. కొత్త సాఫ్ట్‌వేర్ వాటిలోకి ఎక్కదు, ఎక్కినా కదలదు. అందుకని భవిత, మురుగేష్, కార్వేటినగరం డ్రాయింగ్ మాస్టరు చంద్రమౌళి కలిసి, ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు తగ్గట్టు మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ సరుకుతో ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. దానికి ‘మగ్గం’ అని పేరు పెట్టారు.

సంఘం ప్రెసిడెంటు చెంగల్రాయుడు మాత్రం మాట తేల్చి చెప్పేశాడు. “ఆదివారం నేనొస్తా. మన పిల్లోళ్లు దాంట్లో ఒక చీర అంచు గీసి సూపిస్తే గది మీదే. లేదంటే జిరాక్స్ అంగడికి ఇచ్చేస్తా, ఈ డబ్బాలన్నీ చిత్తూరు పాత సామాన్ల కొట్టుకు పోతాయి.”

అంచు గీయాలంటే బొమ్మల సాఫ్ట్‌వేర్ కావాలి. గొడవంతా అక్కడే మొదలైంది. మురుగేష్‌కు ఫొటోలు దిద్దేది కావాలి. చంద్రమౌళికి కుంచెతో రంగులు పూసేది కావాలి. భవితకు గీతలతో డిజైన్లు వేసేది కావాలి. వాటి అసలు పేర్లు పలకాలంటే నోరు తిరగదు, మనకు అవసరం కూడా లేదు.

“ఒకటి తీసేస్తే ఒకరు అలుగుతారు మ్మా,” అన్నాడు మురుగేష్. “మూడూ పెట్టేద్దాం.”

పెట్టేశారు. మూడూ చక్కగా తెరుచుకున్నాయి. చంద్రమౌళి మురిసిపోతూ కుంచెతో ఒక మామిడికాయ వేశాడు. దాన్ని దాచబోతే, డిస్కులో చోటు లేదని కంప్యూటర్ మొండికేసింది. మామిడికాయను సగానికి తగ్గించాడు. అయినా చోటు లేదు. పిందె చేశాడు. అదీ పట్టలేదు.

“బొమ్మలు గీసుకోవచ్చు, దాచుకునేదానికి మాత్రం లేదు,” అంది భవిత. “బాగుండాదన్నా, జేజి కొంగు మీద పాపలాగా!”

ఏది తీసేయాలో తేలలేదు. ముగ్గురూ మొహాలు ముడుచుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు.

ఇంటికొచ్చిన భవితకు అన్నం సహించలేదు. ఆ గీతల సాఫ్ట్‌వేర్‌లో మెనూలన్నీ తెలుగులోకి మార్చింది ఆమే. ఒక్కో మాటకూ నాయన తులసీరాం వెనక పడేది. ‘దీన్ని మన మగ్గాల కాడ ఏమంటారు నాయనా?’ అని. ఆయన పోగులు అతుక్కుంటూనే చెప్పేవాడు. తన మాట ఒకటి తెరమీద కనబడిన రోజు, ఆ తెరను కండువాతో తుడిచి మరీ చూసుకున్నాడు. అలాంటిదాన్ని తీసేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కానీ గది పోతే అందరికీ పోయినట్టే. మగ్గం సరుకంతా ఇంటర్నెట్‌లో ఒకేచోట ఉంటుంది, ముగ్గురూ అందులో చెయ్యి పెట్టొచ్చు. కళ్లు తుడుచుకుని అక్కడినుంచి తన సాఫ్ట్‌వేర్‌ను తీసేసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే త్యాగం చేశానని గొప్పలు పోయినట్టుంటుందనుకుంది.

ఆదివారం పొద్దున మురుగేష్ పెన్‌డ్రైవ్‌లోకి మగ్గం దింపుకుని వచ్చాడు. గదిలో ఉన్న పాతదాన్ని చెరిపేసి, అన్ని కంప్యూటర్లలోనూ ఎక్కించారు. ఎక్కించాక డిస్కు చూస్తే బోలెడంత ఖాళీ. నాదొక్కటే ఇంత బరువుందా అని భవిత మనసు చివుక్కుమంది. పక్కన చంద్రమౌళి కూడా అదే ఖాళీని చూసి నిట్టూర్చాడు. మురుగేష్ నిట్టూర్పు మరీ పెద్దది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరిగారు.

చెంగల్రాయుడు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. “యాడమ్మా, సూపించు.”

భవిత ‘బొమ్మలు’ అన్న మెనూ నొక్కింది. లోపల ఏమీ లేదు. మళ్లీ నొక్కింది. లేదు.

“అన్నా, నీ ఫొటోలది యాడ?” అని గుసగుసగా అడిగింది.

“నేనే తీసేసినా మ్మా. నీది ఉంటే సాలనుకున్నా. నీది యాడ?”

“నేనూ తీసేసినా! సార్, మీది?”

చంద్రమౌళి నేల చూపులు చూశాడు. “మీ ఇద్దరిదీ ఉంటాది గదా అని…”

మళ్లీ దింపుకుందామంటే రోడ్డు తవ్వేవాళ్లు పొద్దున్నే నెట్ వైరు తెంపేసి ఉన్నారు. భవితకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వీళ్లంత మంచివాళ్లు ఇంకెక్కడైనా ఉంటే ఆ ఊరు కూడా మునిగిపోయి ఉంటుందనుకుంది.

మగ్గంలో మిగిలింది ఉత్తరాలు రాసుకునేదీ, లెక్కలు వేసుకునే గడుల సాఫ్ట్‌వేరూ. ఆ గడుల వైపు చూస్తూ చూస్తూ భవిత ఆగిపోయింది. ఇంట్లో నాయన అంచు వేసేది దేనిమీద? గ్రాఫు కాగితం మీద. గడికి ఒక పోగు.

“కోమలీ, ఈడికి రా,” అని తన దగ్గర నేర్చుకునే అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టింది. గడులన్నిటినీ చిన్న చదరాలుగా చేసిచ్చింది. “ఇది గ్రాఫనుకో. మీ ఇంట్లో నేసే గోపురం అంచు ఎయ్యి. నొక్కితే గడికి రంగు పడతాది.”

కోమలి కింద వరసలో గడులు ఎర్రగా నింపింది, పైవరసలో కొన్ని తగ్గించింది, ఆపైన ఇంకొన్ని. గోపురం లేచింది. దాన్నే తీసి పక్కపక్కన పెట్టుకుంటూ పోతే తెర ఈ కొసనుంచి ఆ కొసకు అంచు పరుచుకుంది. దాస్తే నోరెత్తకుండా దాచుకుంది. చోటుకేం కొదవ.

చెంగల్రాయుడు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చాడు. “ఇది మన గ్రాఫే గదబ్బా! ఈ మాత్రం దానికి ఇన్నాళ్లు కొట్లాడుకున్నారంట?” అని, గది తాళం చెవి భవిత చేతిలో పెట్టాడు.

ఆయన వెళ్లిపోగానే వాళ్లకు మర్యాద మళ్లీ ముంచుకొచ్చింది.

“చోటుండాది గదా, సార్‌ది పెడదాం,” అన్నాడు మురుగేష్.

“ఛ, ముందు నీదే పెట్టుకో అప్పా,” అన్నాడు చంద్రమౌళి.

తాళం చెవి పిడికిట్లో బిగించుకుని భవిత గట్టిగా అరిచింది. “ఆపండి! నాది పెడతా ఉండాను. నాకది కావాలి. మా నాయన మాటలుండాయి దాంట్లో. అలిగేవాళ్లు అలగండి.”

ఇద్దరూ అలిగారు. సాయంత్రం టీకి మాత్రం వచ్చారు.