పెరటి బావిలో చప్పుడు

వంటగది నేల కింద ఎవరో తవ్వుతున్నారని పిన్ని ఫోన్ చేసి చెబితే ఆమె మొదట నవ్వేసింది.

"ఎలుకలేమో పిన్నీ."

"ఎలుకలకి గునపం ఎవరిచ్చారే?"

దాంతో ఆమె నవ్వు ఆగిపోయింది.

పిన్ని మొగుడు బావులు తవ్వే మనిషి. ఊళ్లోవాళ్లందరి పెరళ్లలోనూ నీళ్లు చూపించి, చివరికి ఏళ్ల కిందట సొంత పెరట్లో తవ్వుతుంటే ఒడ్డు విరిగి మీద పడింది. ఆ రోజు మట్టి ఇంకా జారుతూనే ఉంది. దిగినవాళ్లు కూడా బతకరని, ఆయన్ని పైకి తియ్యకుండానే బావి పూడ్చేశారు. తల్లి లేని ఆమెను కడుపులో పెట్టుకుని పెంచిన పిన్ని, ఆ తర్వాత ఆ ఇల్లు వదిలి ఒక్క పూట కూడా ఎక్కడికీ రాలేదు.

పిన్ని చేతిలో పెరిగిన ఆమె ఇప్పుడు నీటి సంరక్షణ సలహాదారు. వాన నీళ్లు ఎటు పారతాయో, ఎక్కడ ఇంకుతాయో చూసి, ఎక్కడ కట్ట వెయ్యాలో చెప్పడం ఆమె పని. పిన్ని ఇంటికి ఎగువన, గుట్ట వాలులో కొత్తగా తవ్వించిన ఇంకుడు చెరువు ఆమె గీసి ఇచ్చిందే. అది నిండాక దిగువన ఎండిపోయిన బావులు మళ్లీ ఊరాయి. జనం ఆమెను నెత్తిన పెట్టుకున్నారు.

ఫోన్ వచ్చిన మర్నాడు ఆమె పట్నం నుంచి వచ్చి వంటగది నేలకు చెవి ఆనించింది. దబ్‌మని ఒక దెబ్బ. కాసేపు ఏమీ లేదు. మట్టి పక్కకు తోసినట్టు చిన్న గరగర. మళ్లీ దెబ్బ.

"చెరువు నీళ్లు అడుగున దారి చేసుకుంటున్నాయి పిన్నీ. పోతూ పోతూ మట్టిని కూడా లాక్కుపోతున్నాయి. నేల డొల్లవుతోంది. నువ్వు ఇక్కడ ఉండకూడదు."

"మధ్యలో ఆగుతున్నాడు, విన్నావా? అలుపు తీర్చుకుంటున్నాడు," అంది పిన్ని.

ఆమె చెరువు తూము తీయించి నీళ్లు వదిలించింది. నేల కింది నీళ్లు కొలవడానికి పెరట్లో దించిన గొట్టంలో నీటి మట్టం పడిపోయింది. చప్పుడు మాత్రం తగ్గలేదు. ఆ వారంలోనే పెరడు కుంగి, పాత బావి నోరు తెరుచుకుంది.

చెరువు పని చేసిన మేస్త్రీ దుంగలు, తాళ్లు తెచ్చి పక్కలు దన్ను పెట్టాడు. దిగమంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. "పిల్లలు గలవాణ్ణి మేడం, ఏమనుకోకండి."

నడుముకు తాడు కట్టుకుని ఆమే దిగింది. బాబాయి ఎముకలు కనబడతాయని మనసు రాయి చేసుకునే దిగింది. ఎముకలు లేవు. గునపమూ లేదు. అడుగు నుంచి, ఊరి దిగువనున్న వాగు వైపు ఒక సొరంగం పోతోంది, మనిషి నడుము వంచి నడిచేంత ఎత్తున. నీళ్లు కోసిన మట్టి నున్నగా ఉంటుంది. లైటు వేసి చూస్తే ఆ గోడల నిండా గాట్లు, అన్నీ ఒకే వాటున, ఎడమ చేత్తో పోటు వేసినట్టు. బాబాయిది ఎడమచేతి వాటం.

ఆమె ఒక గాటు మీద వేలు పెట్టి చూసింది. "బాబాయ్," అంది, తనకు తెలియకుండానే.

లోపల చప్పుడు ఆగిపోయింది, ఎవరో తల తిప్పి విన్నట్టుగా.

ఆమె తాడు లాగింది. మేస్త్రీ పైకి చేదాడు.

పిన్ని గట్టు మీదే కూర్చుని ఉంది. "ఉన్నాడా?"

"లేడు."

"ఎముకలు?"

"ఏమీ లేవు పిన్నీ. దారి ఉంది. వాగు వైపు."

పిన్ని మొహం విచ్చుకుంది. "మొండిఘటం! అన్నానికి పిలిస్తే మాత్రం ఏనాడు సరిగ్గా పైకొచ్చాడు గనక!"

ఆమె నడుముకున్న తాడు ముడి విప్పుకుంది. "దీన్ని ఇలా వదిలేస్తే చెరువు మళ్లీ నిండినప్పుడు ఈ దారిన అడుగు మట్టి పోయి కట్ట తెగుతుంది. దిగువ ఇళ్లన్నీ కొట్టుకుపోతాయి. ఇసుక, కంకర, రాళ్లు వరసగా పోయించనా? నీళ్లు పోతాయి, మట్టి పోదు."

"మరి మనిషో?"

పిన్ని ఆ గోతిలోకి తొంగి చూసి, కొంగు దులుపుకుని లేచింది.

"అప్పుడు పూడ్చేటప్పుడు ఎవ్వరూ నన్ను అడగలేదు. నువ్వు అడిగావు. పోయించు."

లారీ రివర్సులో వచ్చి గోతిలోకి రాళ్లు దించింది. అవి అడుగున ఆగలేదు. దొర్లుకుంటూ, ఎక్కడికో దూరంగా పోతూనే ఉన్న చప్పుడు వినిపించింది. మేస్త్రీ ఆమె వైపు చూడకుండా తలపాగా సర్దుకున్నాడు. గొయ్యి నిండేసరికి చీకటి పడింది.

పిన్ని ఆమెతో పట్నం వచ్చేసింది. నాలుగో అంతస్తులో ఇల్లు. పిన్ని పడుకుంటే ఒళ్లు తెలియని నిద్ర. ఆమెకే నిద్ర కరువైంది. రోడ్డు మీద ఎవరు పలుగు దించినా ఉలిక్కిపడేది.

వానలు పడి చెరువు మళ్లీ నిండింది. కట్ట చెక్కుచెదరలేదు. ఒక పొద్దున మేస్త్రీ ఫోన్ చేశాడు.

"వాగు ఒడ్డున కొత్త ఊట పడింది మేడం. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కాకపోతే..." అతను గొంతు తగ్గించాడు. "అక్కడి మట్టి లోపలికి కుంగలేదు. లోపల్నించి బయటికి తోసినట్టు కుప్ప పడి ఉంది."

"ఫోన్లో ఎవరే?" అంది పిన్ని, కూర తరుగుతూ.

ఆమెకు దాచబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పిన్ని కత్తిపీట పక్కన పెట్టింది. చేతులు కడుక్కుంది. వెళ్లి వీధి తలుపు గడియ తీసిపెట్టి, మళ్లీ వచ్చి తరగడానికి కూర్చుంది.

ఆమె ఆ గడియ మళ్లీ వెయ్యలేదు.