శుక్రవారపు సెమ్మె

నేను ఒక ఇత్తడి సెమ్మెను. రెండు కొవ్వొత్తులు నిలిపేందుకు రెండు కొమ్మలు పెట్టి, వియన్నాలో ఒక ముసలి కంచరి నన్ను పోతపోశాడు. గెర్దా పెళ్ళికి వాళ్ళమ్మ నన్ను ఇచ్చింది. వాళ్ళు యూదులు. శుక్రవారం పొద్దు వాలేముందు నా మీద కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని ప్రార్థిస్తారు. వెలిగించాక అవి వాటంతట అవే అయిపోవాలి. యూదులెవరూ ఆర్పకూడదు, నన్ను కదపకూడదు.

"మీరు యూదులు, మావాళ్ళు కారు" అని వియన్నాను తమ దేశంలో కలిపేసుకున్న జర్మనీ నాజీలు తరిమితే, గెర్దా, ఆమె భర్త డాక్టర్ ఎమిల్ నన్ను పెట్టెలో కుక్కుకుని విశాఖపట్నం వచ్చిపడ్డారు. యుద్ధం రాగానే ఇక్కడి తెల్లదొరలు, "మీ పాస్‌పోర్టు జర్మనీది, మీరు శత్రువులు" అని ఎమిల్‌ను ముళ్ళకంచెల శిబిరానికి పట్టుకుపోయారు. ఇంత చదువుకున్న దొరలకు ఆ పాటి తేడా తెలియలేదు. గెర్దా అర్జీ మీద అర్జీ పెడుతోంది. ఆమె కూడా లోపలికి పోతే ఎమిల్ తరఫున అడిగే దిక్కు లేదు.

నలభై రెండు ఏప్రిల్లో ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి. సముద్రం వైపు వెలుగు కనిపించకూడదని ఉత్తర్వు. ఆ శుక్రవారం గెర్దా కిటికీకి కట్టిన నల్లగుడ్డ గాలికి ఊడిపోయింది. గస్తీ తిరిగే అప్పలనరసయ్య తలుపు తట్టాడు.

"అమ్మగోరూ, ఆ దీపం ఆర్పీయండి. సముద్రంలోకి అగుపిస్తంది."

"ఆర్పకూడదు నాయనా. ఈరోజు శుక్రవారం" అంది గెర్దా, వచ్చీరాని తెలుగులో.

అతను ఊదబోయి ఆగిపోయాడు. వాళ్ళింట్లోనూ శుక్రవారం దీపాన్ని నోటితో ఊదరు. ఆరిపోయిందని కూడా అనరు, కొండెక్కిందంటారు.

"మరి నానేటి సేసీది" అని గొణిగి, నన్ను రెండు చేతులా ఎత్తి, కిటికీ లేని సామాన్ల గదిలో బియ్యం బస్తా పక్కన పెట్టి తలుపేశాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు అడిగినవాళ్ళకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. అబద్ధం చేతకాని మనిషి. దొర వచ్చి గది చూసి, "తప్పు చేయనిది దీపాన్ని ఎందుకు దాచింది?" అన్నాడు.

"దాసింది నానండి" అని అప్పలనరసయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు. గెర్దాను ఇంకో శిబిరానికి పంపారు. నన్ను సాక్ష్యంగా కచేరీకి తెచ్చి, శత్రువుకు సంకేతమిచ్చిన దీపమని చీటీ కట్టారు.

అప్పటినుంచీ నాకు మనశ్శాంతి లేదు. శుక్రవారం వస్తే మరీను. నిన్న అప్పలనరసయ్య వచ్చాడు. ఎవరిచేతో రాయించి వేలిముద్ర వేసిన అర్జీ, ఆ భార్యాభర్తలను వదిలిపెట్టమని. గుమాస్తా దాన్ని చదవలేదు. పంకా గాలికి ఎగిరిపోకుండా నన్ను తెచ్చి దానిమీద పెట్టాడు.